బిందెతో మొదలైన మతం

దేవుడు లేని మతం ఉంటుందా అని ఎవరినైనా అడిగి చూడండి. చింతపండు లేకుండా చారు కాయమన్నట్టు మొహం పెడతారు. మతం అనగానే మనకు గుడి గుర్తొస్తుంది, సంధ్యాదీపం గుర్తొస్తుంది, శనివారం ఒంటిపూట భోజనం గుర్తొస్తుంది. వీటన్నిటి వెనకా దేవుడనేవాడు ఒకడు ఉండాలి కదా మరి! ఆయన్ని పక్కకు తప్పిస్తే మిగిలేదాన్ని మతమని ఎలా అంటాం?

అన్నారండీ కొందరు! అనడమే కాదు, కాగితం మీద రాసి సంతకాలు కూడా పెట్టారు. ఈ రోజుల్లో మనం మానవతావాదం అని పిలిచే ఆలోచన మతానికి ఎదురు నిలిచిందనే అందరూ అనుకుంటారు. కానీ తన బాల్యంలో అది తనను తాను మతమనే చెప్పుకుంది. 1933లో అమెరికాలో 34 మంది పెద్దలు కలిసి మానవతావాద ప్రకటన అని ఒకటి అచ్చు వేశారు. అందులో అంశాలు 15. ఈ విశ్వాన్ని ఎవరూ సృష్టించలేదు, అది తనంతట తానే ఉన్నది అన్నది మొదటి అంశం. మనిషి బతికుండగానే ఈ లోకంలోనే నిండుగా వికసించాలి, అందుకు తోడ్పడేదే మతం అని దాని సారాంశం. ఇంకా చిత్రమేమిటంటే, సంతకం చేసినవాళ్లలో చాలామంది చర్చిలో ఉపదేశాలు చెప్పే పాస్టర్లే! అంటే పూజారులే గర్భగుడి తలుపు మూసేసి, ఇక మనుషుల సంగతి చూద్దాం పదండి అన్నట్టు.

ఆ 34 పేర్లూ వరసగా చదివితే మనబోటివాళ్లకు ఇంకో సంగతి కూడా కనపడుతుంది. వాటిలో ఆడవాళ్ల పేరు ఒక్కటి కూడా లేదు. మనిషిని పీఠమెక్కించిన ప్రకటనలో మనుషుల్లో సగం మంది సంతకం లేకపోయింది! ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

ఈ ఆలోచన 1933లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు చాలా ముందే ఫ్రాన్సులో ఆగస్టు కోంత్ అనే తత్త్వవేత్త మానవ మతం అని ఒకటి తలపెట్టాడు. ఆయన క్లోతిల్ద్ అనే ఆవిడను ప్రాణంగా ప్రేమించాడు. 1846లో ఆవిడ క్షయతో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి ఆయన మతం రూపు కట్టింది. దేవుడి స్థానంలో మానవజాతి, పండగల స్థానంలో మహనీయుల స్మరణ, ఏడాదికి 13 నెలలతో కొత్త పంచాంగం! అంతా పకడ్బందీగా తయారు చేశాడు గానీ జనం పెద్దగా చేరలేదు. అయితే బ్రెజిల్ దేశం జెండా మీద కనిపించే క్రమం, ప్రగతి అన్న మాటలు ఆయన భావాల నుంచి వచ్చినవే.

ఆ తర్వాత 1876లో న్యూయార్కులో ఫీలిక్స్ ఆడ్లర్ అనే ఆయన నీతి సమాజం పెట్టాడు. యూదు మతగురువు కొడుకు. తండ్రి తర్వాత ఆ పీఠం మీద కూర్చోవలసినవాడు. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదం ఎప్పటికీ తేలదు, ముందు మంచిపని ఒకటి మొదలుపెడదాం అన్నది ఆయన పద్ధతి. బీదల పిల్లలకు ఉచితంగా కిండర్ గార్టెన్ బడి పెట్టించాడు, జబ్బుపడ్డ బీదల ఇళ్లకు నర్సులను పంపించాడు. ఇక 1933 నాటి పాస్టర్లు ఎక్కువమంది యూనిటేరియన్లు. దేవుడు ముగ్గురు కాదు, ఒక్కడే అని క్రైస్తవంలోంచి విడివడ్డ శాఖ అది. ముగ్గురి నుంచి ఒక్కడి దాకా వచ్చినవాళ్లలో కొందరు ఆ ఒక్కడిని కూడా దాటి మనిషి దగ్గరికి వచ్చారన్నమాట.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అంటారేమో! ఇక్కడే ఒక చుట్టరికం ఉంది. 1821లో కలకత్తాలో రామమోహన్ రాయ్, విలియం ఆడం అనే మిషనరీ కలిసి యూనిటేరియన్ సంఘం పెట్టారు. ఈ ఆడం రామమోహన్ ను క్రైస్తవంలోకి తిప్పుదామని వచ్చి, ఆయనతో వాదించి వాదించి చివరికి తనే మారిపోయాడు. 1828లో రామమోహన్ బ్రహ్మసభను స్థాపించాడు. అదే తర్వాత బ్రహ్మసమాజమైంది. ఆయన 1833లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర యూనిటేరియన్ మిత్రుల మధ్యనే కన్నుమూశాడు. సరిగ్గా నూరేళ్ల తర్వాత ఆ శాఖవాళ్లే అమెరికాలో ప్రకటన మీద సంతకాలు పెట్టారు. కాబట్టి అమెరికా మానవ మతానికీ మన బ్రహ్మసమాజానికీ పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ వరస.

అయితే రెండూ ఒకటి కాదు. బ్రహ్మసమాజంలో దేవుడున్నాడు, ప్రార్థన ఉంది. లేనివి విగ్రహం, పురోహితుడు, కులం, తప్పు పట్టరాని గ్రంథం. ఇవి తీసేస్తే భక్తి చూపించుకోవడానికి ఎదురుగా మిగిలేది సాటి మనిషే కదా! అందుకే వాళ్ల ప్రార్థన సగం అయ్యేసరికి బడి, అనాథ శరణాలయం, వితంతు వివాహం వచ్చి కూర్చునేవి. మన తెలుగునాట మానవ మతం ఈ దారినే నడిచి వచ్చింది.

1864లో కేశవచంద్ర సేన్ మద్రాసు వచ్చినప్పుడు అక్కడ వేదసమాజం ఏర్పడింది. 1878లో రాజమహేంద్రవరంలో ప్రార్థన సమాజం వెలిసింది. 1887లో అక్కడే బ్రహ్మమందిరం కట్టారు. ఈ రెండింటి వెనకా ఉన్నది కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

నేను ఈ మాటలు రాస్తున్నది రాజమహేంద్రవరం నుంచి కాదు, రామగిరి నుంచి. బొగ్గుగనుల సీమ మాది. ఒక పక్క రామగిరి ఖిల్లా, ఇంకో పక్క బొగ్గు లారీలు. ఖిల్లా మీద రాములవారు నడిచారని మా నమ్మకం, శ్రావణమాసంలో జనం బారులు తీరి కొండెక్కుతారు. కాస్త దూరం పోతే మంథని. వేదపండితుల ఊరని దానికి మంత్రపురి అనే పేరు. ఇదే పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట దగ్గర రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం బయటపడింది. దేవుడి ప్రసక్తి లేకుండా మనిషి దుఃఖం గురించి మాట్లాడిన మతం మా నేలకు పాత చుట్టమే. మంథనిని ఒరుసుకుంటూ పోయే గోదావరి దిగువకు వెళ్లి వెళ్లి రాజమహేంద్రవరం చేరుతుంది. నేను చెప్పబోయే ముఖ్యమైన కథకు ఆ నీళ్లే సాక్షి.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారి ఇంట్లో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురు గౌరమ్మ, బాలవితంతువు. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. తెలుగుదేశంలో అంతగా గగ్గోలు పుట్టించిన పెళ్లి అంతకుముందు జరిగి ఉండదు. పందిరి దగ్గర పోలీసులు, పంతులుగారి శిష్యులు కాపలా. పెళ్లికి వచ్చినవాళ్లను వెలివేస్తామని బెదిరింపులు. ఈ సంగతులు మనం బళ్లో చదువుకున్నవే. పంతులుగారి ధైర్యం గురించి పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

మరి పెళ్లన్నాక భోజనాలుండాలి కదండీ. వంటవాళ్లు రామన్నారు. నీళ్లు తెచ్చేవాళ్లు మొహం చాటేశారు. బంధువుల ఆడవాళ్లు గడప తొక్కలేదు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె పట్టుకుని తనే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు. తనే పొయ్యి రాజేసి వండారు, తనే వడ్డించారు. అదే నెలలో రెండో పెళ్లి కూడా ఆ ఇంట్లోనే జరిగింది. పంతులుగారు తమ జీవితకాలంలో చేయించిన వితంతు వివాహాలు దాదాపు 40 అంటారు. ఒక పెళ్లికి వంటచేస్తే పది రోజులు నడుం పట్టేసే మనం ఆ లెక్క ఒకసారి వేసుకుందాం.

మగవాళ్లకు వెలి అంటే సభలో గౌరవం పోవడం. ఆడవాళ్లకు వెలి అంటే నూతి దగ్గర పలకరింపు పోవడం, పేరంటం పిలుపు పోవడం, పుట్టింటి గడప పోవడం, పురుడొస్తే మంత్రసాని రాకపోవడం. సిద్ధాంతం చర్చ వీధి అరుగు మీద జరుగుతుంది. దాని ఖర్చు మాత్రం వంటింట్లో పద్దు పడుతుంది. రాజ్యలక్ష్మమ్మ గారు వాదాలు రాయలేదు, ఉపన్యాసాలిచ్చి ఊళ్లు తిరగలేదు. పెళ్లిళ్లయ్యాక దిక్కులేని ఆడపిల్లలను ఇంట్లో ఉంచుకుని తల్లిలా సాకారు. 1910లో ఆవిడ పోయారు, పంతులుగారు 1919లో. ఆ 34 సంతకాల కాగితం గుర్తుంది కదా? మన తెలుగునాట మానవ మతం మీద మొదటి సంతకం ఒక ఆడది చేసింది. సిరాతో కాదు, గోదావరి నీళ్లతో.

పంతులుగారు జరిపించిన పెళ్లిళ్లలో మన హైదరాబాదుకు సంబంధించినది ఒకటి ఉంది. నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ చట్టోపాధ్యాయ గారి కూతురు సరోజిని, డాక్టరు గోవిందరాజులు నాయుడు గారిని పెళ్లాడింది 1898 డిసెంబరులో, మద్రాసులో. ఆమె బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం పిల్ల, ఆయన ఆ కులం కాడు, ఆ ప్రాంతమూ కాడు. వారి పెళ్లి బ్రహ్మసమాజం పద్ధతిలో, 1872 నాటి చట్టం కింద జరిగింది. ఆ చట్టం బ్రహ్మసమాజంవాళ్ల పోరు మీద వచ్చినదే. దాని ప్రకారం పెళ్లికూతురికి 14 ఏళ్లు, పెళ్లికొడుక్కి 18 ఏళ్లు నిండాలి. రెండో భార్య కుదరదు. బాగుంది కదా! కానీ అందులో ఒక ముల్లు ఉంది. ఆ చట్టం కింద పెళ్లాడేవాళ్లు తాము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము అంటూ ఉన్న మతాలన్నీ వరసగా కాదని ప్రమాణం చెయ్యాలి. అంటే మనిషిని మనిషిగా పెళ్లాడాలంటే ముందు ఊరందరికీ పరాయివాడు కావాలన్నమాట! 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చాకే, ఎవరి మతం వాళ్లు ఉంచుకుని పెళ్లాడే వీలు అందరికీ కలిగింది.

పంతులుగారి తర్వాత ఆ దీపం పట్టుకున్నది రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాలు, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరు. భార్య చిన్నవయసులోనే పోతే మళ్లీ పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా తెల్లబట్టలే కట్టుకున్నారు. కాలేజీలో ఆడపిల్లలను చేర్చుకున్నారు, హరిజన విద్యార్థులకు హాస్టలు పెట్టించారు, అనాథ పిల్లలను చేరదీశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారంతటి కవి ఆయన శిష్యుడై బ్రహ్మసమాజంలో చేరారు. నాయుడుగారు భోగం మేళాల మీద పెద్ద ఉద్యమం నడిపారు. అది మంచికే అన్నారు అందరూ. కానీ మేళాలు ఆగిపోయాక ఆ ఆడవాళ్లు ఏం తిని బతకాలి అన్న ప్రశ్నకు అప్పట్లో ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. మనిషిని పీఠం మీద కూర్చోబెడుతున్నామంటూ కొందరు మనుషులను మరిచిపోవడం పెద్దవాళ్లకు కూడా తప్పలేదు.

ఆ తర్వాతి తరంలో కథ మలుపు తిరిగింది. కృష్ణాజిల్లా అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడ్డ త్రిపురనేని రామస్వామి చౌదరి గారు డబ్లిన్ దాకా వెళ్లి బారిస్టరీ చదువుకున్నారు. కవిరాజు అని బిరుదు. అర్థం తెలియని మంత్రాలకు తలూపుతూ కూర్చోవడం దేనికని, తెలుగులో వివాహవిధి రాశారు. రాసి ఊరుకోలేదు, ఎన్నో పెళ్లిళ్లకు తనే పౌరోహిత్యం వహించారు. ఆలోచించండి, బారిస్టరు గారు పెళ్లిపీటల ముందు కూర్చుని వధూవరులకు అర్థమయ్యే భాషలో ప్రమాణం చెప్పించడం! ఆ ప్రమాణాలు ఆడపిల్లకు తెలుగులో వినిపించడం చిన్న సంగతేం కాదు. తను దేనికి ఒప్పుకుంటున్నదో ఆమెకు తెలిసింది. మన పెళ్లిళ్లలో ఇప్పటికీ ఎంతమందికి తెలుస్తుంది చెప్పండి.

ఇక గోరా గారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1933లో, అమెరికాలో ఆ 34 మంది సంతకాలు పెట్టిన ఏడాదే, ఇక్కడ ఈయన దేవుడి భావన మీద రాసినందుకు కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. అది వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా చేసిన కాలేజీయే! దేవుడు ఒక్కడే అన్నవారి నీడ తిరిగిన చోటే, దేవుడు లేడన్నవారికి చోటు లేకపోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. తర్వాత అది విజయవాడ పటమటకు మారింది. ఆయన భార్య సరస్వతి గారికి పదేళ్ల వయసులో ఆయనతో పెళ్లయింది. కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చి నిలబడ్డ ఇల్లాలు ఆవిడ. ఇప్పటికీ గ్రహణం రోజున గర్భిణులను చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టే ఇళ్లు మనకు తెలుసు. అలాంటిది దాదాపు నూరేళ్ల కిందట! వాదించడం భర్త వంతు, కడుపులో బిడ్డతో ఆ వాదాన్ని పరీక్షకు పెట్టడం భార్య వంతు.

వాళ్ల పెద్దమ్మాయి మనోరమకు హరిజన కుటుంబానికి చెందిన అర్జునరావు గారితో పెళ్లి నిశ్చయమైంది. సేవాగ్రామంలో తానే జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. గోరా నాస్తికుడు, గాంధీగారు రామనామం విడవనివారు. మరి దేవుడి పేరు సంగతి ఎలా? దేవుడి పేరు వచ్చేచోట సత్యం అన్న మాట పెడదామన్నారు గాంధీగారు. ఆ పెళ్లి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన వెళ్లిపోయారు. మార్చిలో సేవాగ్రామంలోనే ఆ పెళ్లి జరిగింది. నాకు తెలిసినంతలో ఆస్తికుడూ నాస్తికుడూ ఒకే పందిరి కింద అంత మర్యాదగా సర్దుకున్న సందర్భం ఇంకొకటి లేదు.

అదే కాలంలో ఎం.ఎన్. రాయ్ గారి నవ్యమానవవాదం తెలుగునాట బాగా వేళ్లూనింది. తెనాలి ప్లీడరు ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు దానికి పెద్ద దిక్కు. మంత్రాలు లేని పెళ్లిళ్లు ఆయన ఆధ్వర్యంలో చాలా జరిగాయి. 1952లో ఆమ్‌స్టర్‌డాంలో ప్రపంచ మానవతావాద సంఘం పుట్టినప్పుడు పురిటింట్లో ఉన్న సంస్థల్లో రాయ్ గారి అనుచరుల సంస్థ కూడా ఉంది. అయితే వీళ్లెవరూ తమది మతమని చెప్పుకోలేదు. ఆ మాట అప్పటికే రాలిపోయింది. మతం మానవతావాదంలోంచి వెళ్లిపోయింది గానీ, పెళ్లి పందిరి మాత్రం వెళ్లలేదు చూశారా!

ఈ కథ తిరిగి తెలంగాణకు వచ్చింది కూడా ఒక స్త్రీ చేతి మీదుగానే. మహాకవి జాషువా గారి కూతురు హేమలత, గోరా గారి కొడుకు లవణం గారిని 1960లో పెళ్లాడారు. నిజామాబాదు జిల్లాలో జోగిని ఆచారానికి బలైన ఆడపిల్లల మధ్య ఆవిడ ఏళ్ల తరబడి పనిచేశారు. దేవుడికిచ్చి పెళ్లి చేశామనే పేరుతో ఊరిపాలు చేసిన పిల్లలు వాళ్లు. వాళ్లకు చదువు, పని, కావాలన్నవాళ్లకు మనిషితో నిజమైన పెళ్లి, ఇదీ ఆవిడ పూజ. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. వెంకటరత్నం నాయుడుగారి కాలంలో జవాబు లేకుండా మిగిలిన ప్రశ్నకు ఇన్నాళ్లకు ఒక జవాబు మొదలైంది.

ఇదంతా పాత చరిత్రేనా? కాదు. మా కాలనీలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా వరసలో ఒకామె ఉంది. గనిలో భర్త పోయాక ఆమెకు కంపెనీలో ఉద్యోగం ఇచ్చారు. కూతురిని కష్టపడి చదివించింది, పెళ్లి కుదిర్చింది. బంగారం తనే కొన్నది, హాలు తనే మాట్లాడింది, కార్డులు తనే పంచింది. తీరా పెళ్లి నాలుగు రోజులుందనగా పెద్దలు కూర్చుని, కన్యాదానం పీటల మీద మరిది, తోడికోడలు కూర్చోవాలన్నారు. ఆమె నా దగ్గరకొచ్చి, "అక్కా, పైసలకు నా చెయ్యి పనికొచ్చింది గని, బిడ్డ కాళ్లు కడగనీకి పనికిరాదా?" అన్నది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

నేనేం చెప్పను? కవిరాజు గారి వివాహవిధి గురించీ, ఆమ్‌స్టర్‌డాం గురించీ చెప్పనా? జవాబు ఆ పిల్లే చెప్పింది. "అమ్మ నీళ్లు పొయ్యకపోతే నేను పీట మీద కూసోను, మీ ఇష్టం" అన్నది. గొడవైంది. ఇద్దరు ముగ్గురు అలిగి భోజనం చెయ్యకుండా వెళ్లారు. అయ్యగారు కాసేపు ఆలోచించి, మరిది దంపతులు కూర్చోనీ, తల్లి కూడా పక్కన కూర్చుని చేతిలో చెయ్యి వేస్తుంది అన్నారు. మంత్రం ఆగలేదు, మేళం ఆగలేదు. ఆ తల్లి చెంబుతో ధార పోస్తుంటే చెయ్యి వణికింది. పందిట్లో సగం మంది ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. వాళ్లలో ఎవరూ నాస్తికులు కారు, ఎవరూ బ్రహ్మసమాజం పేరు విన్నవాళ్లు కారు.

మళ్లీ చరిత్రకు వద్దాం. కోంత్ పంచాంగం పోయింది. బ్రహ్మమందిరాల్లో జనం పలచబడ్డారు. మంత్రాలు మానేసిన కొందరి ఇళ్లలో కట్నాలు మాత్రం మానలేదు, ఆ సంగతీ మనకు తెలుసు. పంతులుగారు విగ్రహం తీసేసి దేవుణ్ని ఉంచారు. కవిరాజు గారు సంస్కృతం తీసేసి పెళ్లితంతు ఉంచారు. గాంధీగారు ఆ ఒక్క పెళ్లి కోసం దేవుడి పేరు తీసి సత్యం పెట్టారు. గోరా గారు, రాయ్ గారి మనుషులు మతమన్న మాటనే తీసేశారు. ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసేస్తూ వచ్చినా, ఎవరి చేతా తీసెయ్యబడకుండా మిగిలినవి కొన్ని ఉన్నాయి. ఇద్దరు మనుషులు నలుగురి ముందు మాట ఇచ్చుకోవడం, ఆ నలుగురికీ అన్నం పెట్టడం, ఆ అన్నానికి నీళ్లు మోసే చెయ్యి. మతమని పిలిచినా, వాదమని పిలిచినా, ఇవి ఉన్నంతకాలం ఆ ఆలోచనకు ఇల్లు ఉంటుంది.

దేవుణ్ని నమ్మాలా వద్దా అన్నది ఎవరి మనసుకు వారు తేల్చుకోవలసిన ప్రశ్న. నేను ఖిల్లా ఎక్కి రాములవారికి దండం పెట్టుకుని వస్తాను, మానుకోమని నన్ను ఎవరూ అడగలేదు. కానీ ఈ మానవ మతం మనల్ని అడిగే ప్రశ్న వేరే ఉంది. మీ ఇంటి శుభకార్యంలో పక్కకు జరిగి నిలబడమని ఎవరికి చెబుతున్నారు? బొట్టు లేదనో, కులం వేరనో, ఎవరి చేతి నీళ్లు వద్దంటున్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తత్త్వశాస్త్రం చదవక్కర్లేదు. వచ్చే ముహూర్తాల్లో మన ఇంట్లోనో పక్కింట్లోనో ఒక పెళ్లి తప్పక ఉంటుంది. శుభలేఖ రాయించేటప్పుడే, పీటల మీద ఎవరు కూర్చోవాలో కూడా అనుకుంటే సరి.